పండు, మీగడ, ఒక గుటక

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని అంటారు. ఆ వేసవి మొదట్లో మా అత్తగారికి మంచినీళ్లు పొలమారేవి, పాలు పొలమారేవి, ఆఖరికి సొంత ఉమ్మి కూడా పొలమారేది. "ఊళ్లో వాళ్లంతా కట్టగట్టుకుని మా అమ్మనే తలుచుకుంటున్నట్టున్నారు," అంటూ మా ఆయన నవ్వబోయి, నవ్వు సగంలో ఆపేసి, బస్సు డ్యూటీకి వెళ్లిపోయారు.

అంతకు కొద్దిరోజుల ముందే ఆవిడకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కొన్నాళ్లకు కాస్త మాట విన్నాయి. గొంతు వినలేదు. ఆస్పత్రిలో ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేసి, అందులోంచి బూడిదరంగు ద్రవం ఎలా పొయ్యాలో నేర్పి ఇంటికి పంపారు. పంపేముందు పెద్ద డాక్టరు చెప్పాల్సింది సూటిగానే చెప్పాడు. ముక్కు గొట్టం ఎక్కువకాలం ఉంచకూడదు. వేసవి వెళ్లేలోగా ఆవిడ నోటితో తినగలిగితే సరే. లేదంటే పొట్టకు చిన్న చిల్లు పెట్టి, అక్కడ గొట్టం అమర్చాలి. బహుశా ఇక ఎప్పటికీ.

ఇది ఎవరికైనా కష్టమే. మా అత్తగారికి మరీ కష్టం. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్లూ జామ్ ఫ్యాక్టరీలో రుచి చూసే పనిలోనే ఉంది. ఉడుకుతున్న ప్రతి డేగిశాలోంచీ ఒక చెంచా తీసి, నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని తీర్పు చెప్పేది. ఆవిడ తల అడ్డంగా ఊపితే ఆ డేగిశా మొత్తం వెనక్కి వెళ్లాల్సిందే. అక్కడ అందరూ ఆవిడను జడ్జిగారు అనేవారు. ఇంట్లో నా వంటకు ఇన్నేళ్లలో దక్కిన అతి పెద్ద మెప్పు "ఊఁ". అది కూడా మూడు మెతుకులు నమిలాక, ఆలోచించి అన్న "ఊఁ". నాకది చాలు. నేనూ ఊరికే మెచ్చుకునే మనిషిని కాను.

మా వదిన, అంటే ఆవిడ కూతురు, స్కూలుకు సెలవులివ్వగానే రెండు పెట్టెలతో దిగింది. ఆమె లెక్కల టీచరు. వచ్చిన రోజే తల్లి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇక దాన్ని కదపనివ్వలేదు.

ఆస్పత్రి నుంచి ఒకమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికి వచ్చేది. మింగడం నేర్పడమే ఆమె వృత్తి. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని మాకు అప్పటిదాకా తెలియదు. మా ఆయన ఆమెకు 'మింగుడు టీచరమ్మ' అని పేరు పెట్టారు.

"నీళ్లు తొందర మనిషండీ," అందామె మొదటి రోజు, అత్తగారి వీపు వెనక దిండ్లు సర్దుతూ. "గొంతులో రెండు దార్లుంటాయి కదా, ఒకటి ఊపిరికి, ఒకటి తిండికి. మింగేటప్పుడు ఊపిరి దారి మీద మూత పడాలి. అమ్మగారికి ఆ మూత కాస్త ఆలస్యంగా పడుతోంది. ఈలోగా నీళ్లు దూరిపోతున్నాయి. మనకు నెమ్మదస్తుడు కావాలి. చిక్కగా, నున్నగా, అంతా ఒకటే ముద్దలా ఉండాలి."

"అంటే ఎంత చిక్కగా?" అన్నాను.

ఆమె ఉడికించి చిదిమిన బంగాళాదుంపను చెంచాతో తీసింది. "ముద్ద చెంచాలో ఇలా నిలబడాలి. చెంచా వంచితే కారకూడదు. ఒక్క ముద్దగా జారి పడాలి. అంటుకుని ఉండిపోకూడదు, ధారగా కారకూడదు. పెట్టేవాళ్లు ప్రతిసారీ వంచి చూసుకోవాలి. తిన్నాక 'ఆ' అనిపించండి. గొంతు పొడిగా పలికితే లోపలికి వెళ్లినట్టు. తడిగా, గరగరమని పలికితే ఎక్కడో నిలిచిందని అర్థం."

ఆ బంగాళాదుంపను అత్తగారు పెదవులు బిగించి తిరస్కరించింది. మర్నాడు క్యారెట్‌ను, ఆ తర్వాత అరటిపండును కూడా. మా వదిన బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది.

"ఏం మనిషివమ్మా నువ్వు! బతకడానికి కూడా రుచి చూస్తావా?"

అత్తగారు గోడవైపు చూసింది. నాకు మాత్రం ఆ ప్రశ్నకు జవాబు తెలుసనిపించింది. చూస్తుంది. చూడకుండా ఎలా ఉంటుంది?

నేను కాలేజీలో పోషకాహారం చదువుకున్నాను. ఆ చదువు ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు తప్ప బయటకు వచ్చేది కాదు. ఇప్పుడు కూర్చుని ఆలోచించాను. ఆవిడ నాలుగైదు చెంచాలకే అలిసిపోతోంది. కాబట్టి ప్రతి చెంచాలోనూ బరువు ఉండాలి. అంత చిన్న జాగాలో ఎక్కువ శక్తి పట్టేది కొవ్వు ఒక్కటే. పంచదారా మాంసకృత్తులూ ఇచ్చేదానికి అది రెట్టింపుకు పైగా ఇస్తుంది. అంటే మీగడ. కానీ వట్టి మీగడను జడ్జిగారు ఏ తీర్పుతో వెనక్కి పంపుతుందో చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున బజారుకు వెళ్తే బండి మీద స్ట్రాబెర్రీలు కనిపించాయి. మా కొండప్రాంతంలో అవి వేసవిలోనే పండుతాయి, ఆ ఏటికి అవే మొదటివి. కొని తెచ్చి, సంచీ ముందుగది బల్ల మీద పెట్టి చెప్పులు విప్పుతున్నాను. లోపలి గదిలోంచి వదిన కేక వేసింది.

"ఇదిగో, ఏం తెచ్చావే? అమ్మ తల తిప్పింది!"

వెళ్లి చూస్తే అత్తగారు గోడవైపు నుంచి తలుపువైపు తిరిగి ఉంది. ముక్కులో గొట్టం ఉంది. దాని పక్క నుంచే ముక్కుపుటాలు కదులుతున్నాయి. రెండు గదుల అవతల, ఇంకా మూతి విప్పని సంచీలో ఉన్న పండు వాసనను ఆవిడ పట్టుకుంది. నేను గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ఒంట్లో సగం మాట వినడం మానేసినా, ఆ ఒక్క చోట దీపం వెలుగుతూనే ఉంది.

పండునూ మీగడనూ కలిపి తినడం చాలా పాతదని మా పాఠ్యపుస్తకంలో ఒక పేరా ఉండేది. పరీక్షలో రాదని అందరం వదిలేసిన పేరా అది. పచ్చి పండు తింటే జ్వరాలొస్తాయని పూర్వం కొన్ని దేశాల్లో జనం భయపడేవారట. అందుకని పండును ఉడికించి, వడగట్టి, గుజ్జును మీగడలో కలిపేవారు. ఒక్కోసారి గుడ్డుసొనతో చిక్కబరిచేవారు. ఎండాకాలం మొదట్లో పచ్చగడ్డి మేసిన ఆవుల మీగడ చిక్కగా ఉంటుంది, పొలాల్లో ఈ పండ్లూ అప్పుడే పండుతాయి. రెండూ ఒకే కాలంలో ఎదురుపడ్డాయి. ఎవరో రెంటినీ ఒకే గిన్నెలో వేశారు. ఆ భయం తప్పే కావచ్చు. కానీ ఆ భయంతో వాళ్లు కనిపెట్టిన వంట మా ఇంటి అవసరానికి కుట్టించినట్టు సరిపోయింది.

పండ్లు కడిగి, తొడిమలు తీసి, వాటి నీళ్లలోనే కొద్దిసేపు ఉడికించాను. ఎక్కువ ఉడికిస్తే సి విటమిన్ పోతుంది. ఈ చిన్న పండులో అది తూకానికి తూకం కమలాపండుకు తీసిపోదు. మంచాన పడ్డవాళ్ల ఒంటిమీద పుండ్లు మానాలంటే అది కావాలి. తర్వాత సన్నజల్లెడలో వేసి గరిటెతో రుద్దాను. గింజలు పైన మిగిలాయి. నిజానికి మనం గింజలనుకునే ఆ ఒక్కొక్క చుక్కా ఒక పండట. ఎర్రటి కండంతా వాటిని మోసే గద్దె మాత్రమే. జల్లెడ వెనక్కి తిప్పి, అడుగున వేలాడుతున్న గుజ్జును గీస్తున్నప్పుడు ఆ రంగు చూసి చెయ్యి ఆగిపోయింది. అలాంటి ఎరుపును ఎవరూ రంగులు కలిపి తయారుచేయలేరు.

మీగడలో మాంసకృత్తులు తక్కువ. ఆ లోటుకు పాలలో గుడ్డుసొన వేసి సన్నమంట మీద చిక్కబరిచి చల్లార్చాను. మీగడను తీగల గరిటెతో గిలకొట్టి, ఇంకా కాస్త జారుగా ఉండగానే ఆపి, ఆ గుడ్డుపాలు కలిపి, ఎర్రగుజ్జు పోశాను. అప్పుడు చూశాను. గరిటె బరువెక్కింది. నేను గిలకొట్టడం లేదు, ఊరికే తిప్పుతున్నాను, అయినా మీగడ దానంతటదే గట్టిపడుతోంది. పండులోని పులుపు దాన్ని పట్టుకుంటోంది. ఇది నేను చదువుకున్నదే. చదువుకోవడం వేరు, మణికట్టుకు తెలియడం వేరు.

చెంచా నిలబెట్టాను. వంచాను. గులాబీరంగు ముద్ద ఒక్క క్షణం ఆలోచించి, మొత్తంగా జారి గిన్నెలో పడింది.

మింగుడు టీచరమ్మ ఎదుటే పెట్టాను. అత్తగారి గడ్డం కిందికి వంచాం. చెంచా పెదవులకు తాకగానే అవి తెరుచుకున్నాయి. ఎవరూ బతిమాలలేదు. నాలుక మీద ముద్ద ఉంచుకుని ఆవిడ కళ్లు మూసుకుంది. ఫ్యాక్టరీలో ఆ కళ్లు మూసుకోవడాన్ని ఎంతమంది గుండె చిక్కబట్టుకుని చూసి ఉంటారో! గొంతు పైకి లేచి దిగింది.

"ఆ అనండి అమ్మా."

"ఆ."

పొడిగా, బొంగురుగా, శుభ్రంగా వచ్చింది. టీచరమ్మ నవ్వింది. వదిన నా భుజం మీద కొట్టింది, దెబ్బ గట్టిగానే తగిలింది. ఆ సాయంత్రం మా ఆయన బూట్లు విప్పకుండానే అడిగారు: "జడ్జిగారి తీర్పేమిటి?"

"ఇంకా వాదనలు నడుస్తున్నాయి," అన్నాను. కానీ గిన్నె ఖాళీ అయింది.

ఆ తర్వాత రోజులన్నీ ఎర్రగా గడిచాయి. నా గోళ్లు ఎరుపు, జల్లెడ ఎరుపు, ఆరేసిన గుడ్డలు ఎరుపు. మా ఆయన బస్సు తిప్పే దారిలో తోటలవాళ్లు ఎక్కేవారు. వాళ్ల దగ్గర పండినవి పండినట్టు కొని, డ్రైవరు సీటు వెనక నీడలో పెట్టుకుని తెచ్చేవారు. నాలుగు చెంచాలు గిన్నెడయ్యాయి. అత్తగారి చెంపల గుంటలు నిండాయి. ముక్కు గొట్టంలో పోసేది తగ్గించమని పెద్ద డాక్టరు కూడా అన్నాడు. వదిన వంచి చూడటం నేర్చుకుంది. ఎంత నేర్చుకుందంటే, తను తాగే టీని కూడా చెంచాతో వంచి చూసి, నవ్వుకునేది.

ఒక మధ్యాహ్నం నేను మేడ మీద బట్టలు తీస్తుండగా వదిన తనే గిన్నె తయారుచేసింది. తల్లి సంగతి నాకంటే ఆమెకు బాగా తెలుసు. రోజంతా ఉడుకుతున్న పండు వాసనలో నిలబడే మనిషి, ఇంటికొచ్చాక ఉడికిన పండు ముట్టేది కాదట. పచ్చి పండు కోసి, పంచదార చల్లుకుని తినేదట. తల్లికి ఒక్కపూటైనా ఆ రుచి పెట్టాలనుకుంది వదిన. పచ్చి పండునే మెత్తగా రుబ్బి, వడగట్టి, పంచదార వేసి, మీగడలో కలిపి, గిన్నెలో సర్ది కాసేపు పక్కన ఉంచింది.

పంచదార పండులోని నీటిని బయటకు లాగుతుంది. ఆ నీరు మెల్లగా అడుగుకు దిగింది. పైన మీగడ కొండలా నిలబడే ఉంది. వదిన ప్రతి చెంచానూ వంచి చూసింది. ప్రతిదీ సరిగ్గానే జారింది. అత్తగారు ఆరోజు ఇష్టంగా తిందట. ఆఖరిసారి వంచి చూశాక మళ్లీ నింపిన చెంచా మాత్రం అడుగునుంచి, నీటితో కలిసి వచ్చింది.

నేను మెట్లు దిగుతుండగా దగ్గు వినిపించింది. అది మామూలు దగ్గు కాదు. పరిగెత్తాను. వదిన తల్లిని ముందుకు వంచి వీపు పట్టుకుని ఉంది. గిన్నెలో అడుగున పల్చటి ఎర్రనీళ్లు తళతళలాడుతున్నాయి.

మర్నాటికి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తిలో నిమ్ము చేరిందని ఆస్పత్రిలో పెట్టుకున్నారు. ఆక్సిజన్ పెట్టారు. నోటితో ఏదీ పెట్టొద్దన్నారు.

జ్వరం దిగాక పెద్ద డాక్టరు మంచం దగ్గరే మాట్లాడాడు. "ఇంకోసారి ఇలా అయితే తట్టుకోలేకపోవచ్చు. పొట్టకు గొట్టం వేయించేయడం మంచిది. మీరంతా ఒక మాట అనుకుని చెప్పండి."

"వేసెయ్యండి," అంది వదిన. ఇంకెవరూ నోరు తెరవకముందే.

"వదినా, ఒక్కసారి..."

"నువ్వు మాట్లాడకు! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. పండొద్దు, మీగడొద్దు. నా చేత్తో పెట్టానే. ఇంకో చెంచా పెట్టి ఉంటే?" ఆమె కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఉంది, ఎవరిదో చేతిని ఆపుతున్నట్టు. "అమ్మ ఉంటే చాలు నాకు. ఎలా తింటే ఏంటి?"

ఆ మాటలో అన్యాయం ఏమీ లేదు. మా ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నారు.

అప్పుడు మంచం మీదనుంచి ఒక శబ్దం వచ్చింది. అత్తగారు పెదవులు కూడదీసుకుంటోంది. జబ్బు చేసిన తర్వాత ఆవిడ 'ఆ' తప్ప మరో మాట పలకలేదు. అందరం వంగాం.

"నో..." అంది. ఊపిరి తీసుకుంది. "నో...టి...తో."

డాక్టరు ఆవిడ వైపే చూస్తూ నిలబడ్డాడు. వెనకనుంచి మింగుడు టీచరమ్మ మెల్లగా అంది: "ఊహించుకోవడం ఎందుకు సార్? చూద్దాం. ఎక్స్‌రే కింద మింగిద్దాం. ఇంట్లో ఏది పెడుతున్నారో అదే."

"చూద్దాం," అన్నాడాయన. "లోపలికి ఒక్క చుక్క జారినా గొట్టమే. సరేనా?"

ఈసారి వదిన కూడా తల ఊపింది. అత్తగారు కూడా ఊపింది.

అప్పటికి పండ్ల కాలం చివరికొచ్చింది. దొరికినవి చిన్నవి, పుల్లవి. అయితే పులుపే మీగడను బాగా పట్టుకుంటుంది. ఉదయాన్నే ఉడికించి, రెండుసార్లు వడగట్టి, గుడ్డుసొన కలిపిన పాలలోనూ మీగడలోనూ కలిపి, రెండు గిన్నెల్లో సర్ది మంచు డబ్బాలో పెట్టాను. వదిన పొద్దున్నుంచీ నాతో మాట్లాడలేదు. డబ్బా మాత్రం తనే మోసింది.

ఎక్స్‌రే గది చల్లగా ఉంది. అత్తగారిని తెరకు పక్కగా కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టారు. కిరణాలు తగలకుండా నాకు సీసపు కోటు తొడిగారు. దాని బరువుకు భుజాలు వంగాయి. అలవాటైన చెయ్యి పెడితే మంచిదని టీచరమ్మ నన్నే నిలబెట్టింది. వదినా మా ఆయనా అద్దం అవతల ఉన్నారు. మా ఆయన యూనిఫారంలోనే వచ్చారు, టోపీ రెండు చేతుల్లో పట్టుకుని.

టీచరమ్మ ఒక గిన్నెలో తెల్లటి పొడి కలిపింది. ఎక్స్‌రేలో తిండి కనిపించాలంటే అది కావాలట. నా ఎరుపు కళ్లముందే వెలిసిపోయింది. చెంచా వంచి చూశాను. జారింది, ముద్దగా. అత్తగారి నాలుక మీద పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుని, వెంటనే తెరిచి, నావైపు తీవ్రంగా చూసింది.

"సు...ద్ద," అంది ముద్ద నోట్లో ఉండగానే.

"మాట్లాడొద్దమ్మా!" అంది టీచరమ్మ. ఎక్స్‌రే తీసే ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

తర్వాత నేను తెరవైపు తిరిగాను.

దవడ ఎముక, పళ్లు, మెడలో ఒకదానిమీద ఒకటి పేర్చిన ఎముకలు, అన్నీ పొగతో గీసినట్టున్నాయి. నాలుక మీద నేను పెట్టిన ముద్ద నల్లటి నీడలా కూర్చుని ఉంది. నాలుక దాన్ని పోగుచేసి, వెనక్కి తీసుకెళ్లి, అంచున ఆపింది. ఆగింది. ఇంకా ఆగింది. కింద ఊపిరి దారి నోరు తెరుచుకునే ఉంది. ఆ రెంటి మధ్యా నా వేలి కణుపంత దూరం కూడా లేదు. పల్చటిదైతే ఈపాటికి జారిపోయేది. ముద్ద మాత్రం కూర్చునే ఉంది, ఓపిగ్గా, తలుపు తీసేదాకా గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా.

అప్పుడు గొంతు మొత్తం పైకి లేచింది. ఎముకలు, కండరాలు, ఏవేవో నీడలు, అన్నీ ఒక్కసారిగా కదిలాయి. మూత వంగి పడింది. నల్లటి నీడ దాని పక్కనుంచి జారి, వెనక సన్నటి దారిలోకి దూరి, మాయమైంది. మూత లేచింది. ఊపిరి దారి ఎప్పటిలా తెల్లగా, ఖాళీగా ఉంది.

రెప్పపాటు. అంతే. ఈ భూమ్మీద ప్రతి ప్రాణీ రోజంతా చేసే పని. పుట్టినప్పటినుంచీ నా లోపలా జరుగుతున్న పని. వంటింట్లో ఇన్నేళ్లు నిలబడి, తిండి చేసి పెట్టి, అది ఇంత గొప్ప ద్వారం దాటి వెళ్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"మళ్లీ," అన్నాడు పెద్ద డాక్టరు, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా.

మళ్లీ పెట్టాను. మళ్లీ. నీడ ప్రతిసారీ అంచున ఆగింది, మూత ప్రతిసారీ వేళకు పడింది. చివర్లో టీచరమ్మ ఒక చెంచా పల్చటి నీళ్లు పట్టించింది. అవి ఆగలేదు. సన్నటి గీత ఒకటి పక్కకు తిరగబోయింది. అత్తగారు వెంటనే దగ్గేసి, లోపలికి జారకముందే బయటకు తోసేసింది.

"నీళ్లు ఇంకొన్నాళ్లు చిక్కబరిచే ఇవ్వండి," అన్నాడు డాక్టరు. "తిండికి ఇబ్బంది లేదు. గొట్టం అక్కర్లేదు." రేపు ఎండ కాస్తుందని చెప్పినంత మామూలుగా అన్నాడు. కానీ అక్కడే నిలబడిపోయాడు.

ఎక్స్‌రే ఆయన తెర ఆర్పేసి, "తర్వాతి వాళ్లను పిలుస్తున్నాను," అన్నాడు. నేను కోటు విప్పబోయాను. అత్తగారు బాగున్న చెయ్యి ఎత్తి మంచు డబ్బా వైపు చూపించింది. అందులో పొడి కలపని రెండో గిన్నె ఉంది.

"ఇంటికెళ్లాక తిందురుగాని అత్తయ్యా."

ఆ చెయ్యి దిగలేదు. నేను డాక్టరు వైపు చూశాను. ఆయన తలుపు బయట చక్రాల కుర్చీలో వేచి ఉన్న మనిషి వైపు చూసి, గోడ పక్కనున్న స్టూలును కాలితో ఇటు తోశాడు.

అద్దం అవతలనుంచి వదిన వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది. గిన్నె తీసి అడుగుదాకా తిరగేసి చూసింది. ఎక్కడా నీరు లేదు. చెంచా నింపి, వంచి, ముద్ద జారేదాకా చూసి, మళ్లీ నింపింది. తల్లి గడ్డం కిందికి వంచి, పెదవులకు తాకించింది. ఆ చెయ్యి వణకలేదు.

ఇప్పుడు తెర లేదు. అయినా మేమంతా, చక్రాల కుర్చీ మనిషితో సహా, మెడ మీది ముడతలు పడ్డ ఆ చర్మాన్నే చూస్తున్నాం. అది పైకి లేచింది. దిగింది. వదిన మరో చెంచా నింపింది.